నవంబరు వానలో తలకోన, బెంగళూరు నుంచి

బెంగళూరులో నాలుగు చినుకులు పడగానే మన తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో మొదట వచ్చే పేరు చిక్కమగళూరు. జూన్, జూలైల్లో అది సరైన మాటే. పడమటి కనుమల వాన అప్పటిదే, హెబ్బె లాంటి జలపాతాలు బలంగా దూకేదీ అప్పుడే. తంటా ఎక్కడొస్తుందంటే, అదే నెలల్లో తిరుపతి దగ్గర శేషాచలం అడవుల్లో ఉన్న తలకోన జలపాతానికి కూడా వెళ్లి, కుళాయి సగం తిప్పినట్టు కారే ధార చూసి, "ఏముంది దాంట్లో" అని తిట్టుకుంటూ తిరిగొస్తారు. శేషాచలం కొండల మీద గట్టి వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో పడతాయి. బంగాళాఖాతంలో వాయుగుండం అని వార్తల్లో చెప్పినప్పుడు బెంగళూరువాళ్లు గొడుగు వెతుక్కుంటారు గానీ, తలకోనకి సెలవు పెట్టాల్సింది ఆ వారమే. వాయుగుండం ఉన్న రోజు కాదు సుమా, అది తీరం దాటి వాన తెరిపిచ్చాక, సన్నని జల్లు మిగిలిన రోజు.

మేం అలాగే నవంబరులో వెళ్లాం. నేను, మా అక్క, బావ, వాళ్ల పాప, నా రూమ్మేట్ ఒకడు. కారు అద్దెకి తీసుకున్నాం, డ్రైవింగ్ మనదే. ఆ కంపెనీ పేరు చెప్పను గానీ యాప్‌లో ఫొటోలో మెరిసిన బండికి కేఆర్ పురం దాటగానే వైపర్ రబ్బరు ఊడి అద్దం మీద కీచుమని గీయడం మొదలైంది. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే టికెట్ నంబరు ఇచ్చారు, వైపర్ ఇవ్వలేదు. హొసకోటలో తెల్లవారుజామునే బిర్యానీ కోసం క్యూ కట్టిన జనాన్ని చూసుకుంటూ, ఒక పంక్చర్ షాపువాడిని నిద్రలేపి రబ్బరు మార్పించుకున్నాం. వానాకాలంలో అద్దె బండి తీసుకుంటే టైర్లు, వైపర్లు చూసి, వీడియో తీసుకున్నాకే ఇంటి ముందు నుంచి కదలండి.

దారి విషయానికొస్తే, ములబాగిలు దోశ కోసం పుంగనూరు మీదుగా పోదామని బావ పట్టు. చివరికి చింతామణి, మదనపల్లె, పీలేరు దారినే పోయాం. మొత్తం 200 కిలోమీటర్ల పైచిలుకు. భాకరాపేటలో ఎడమకి తిరిగి ఎర్రావారిపాలెం, నేరబైలు మీదుగా అడవిలోకి. తిరుపతి నుంచి వచ్చేవాళ్లకి భాకరాపేట ఘాట్ తప్పదు, మనకి ఆ మలుపులు అడ్డురావు, వాన రోజున ఇది చిన్న లాభం కాదు. నేరబైలు దాటాక ఫోన్ సిగ్నల్ మీద ఆశ పెట్టుకోకండి. యూపీఐ పనిచేయదు, చిల్లర నోట్లు దగ్గరుంచుకోండి.

ఇక బస. మొదటి రాత్రి అడవిలో గదులు దొరక్క, ముందుగా ఒక ప్రైవేటు స్టేలో దిగాం. పేరులో రిసార్ట్ ఉంది, అంతే. రాత్రికి 2,500 తీసుకుని, కిటికీ సందులోంచి జల్లు కొట్టే గది ఇచ్చారు. దుప్పట్లు తేమ వాసన. కరెంటు పోతే జనరేటర్ ఉందన్నారు గానీ అది మేనేజర్ గదికి మాత్రమేనట. ఆయన మాత్రం చాలా మర్యాదగా, "పల్లెటూరు కదా సార్, అడ్జస్ట్ అవ్వండి" అంటూ వేడి నీళ్ల బకెట్టుకి వేరే డబ్బులు తీసుకున్నాడు. రెండో రాత్రి అటవీ అభివృద్ధి సంస్థ కాటేజీలో దొరికింది. సాదా గది, మంచం, బాత్రూం, ముందు చెట్లు. టీవీ కోసం, రూం సర్వీస్ కోసం వెళ్లేవాళ్లకి నచ్చదు. కానీ చీకటి పడ్డాక చుట్టూ వాన చప్పుడు తప్ప ఇంకేం ఉండదు, పొద్దున్నే లేస్తే మెట్లదారి నడిచేంత దగ్గర, ఇంతకన్నా ఏం కావాలి? శనివారాలు ముందే నిండిపోతాయి, కాబట్టి వారం మధ్యలో చూసుకోండి. తిరుపతిలో ఉండి వచ్చి చూస్తాం అనేవాళ్లకి నా సలహా, వద్దు. దర్శనం చేసుకుని, నిద్ర లేక, మిట్టమధ్యాహ్నం ఇక్కడికొచ్చి, జనం మధ్యలో ఒక ఫొటో దిగి పోయేవాళ్లే సగం మంది. కొండ మీద స్వామికి ఒక ట్రిప్పు, ఈ కోనకి ఇంకో ట్రిప్పు పెట్టుకోండి.

నడక సిద్ధేశ్వరస్వామి గుడి దగ్గర మొదలవుతుంది. మామూలు రోజుల్లో పెద్ద ట్రెక్కింగేమీ కాదు, మెట్లూ రాళ్లదారీ కలిసి ఉంటాయి, వాగు పక్కనే సాగుతుంది. వానలో మాత్రం అదే దారికి రెట్టింపు సమయం పట్టింది. మెట్ల మీద నాచు, పైన రాలిన ఆకులు, కింద పారే నీళ్లు. మా రూమ్మేట్ జిమ్‌కి వేసుకునే బూట్లతో వచ్చాడు, వాటి అడుగు నున్నగా ఉండేసరికి పాప వాడి చెయ్యి పట్టుకుని నడిపించింది. రబ్బరు అడుగున్న, గాట్లు లోతుగా ఉన్న బూట్లే వేసుకోండి, చెప్పులొద్దు. రెయిన్‌కోట్ కన్నా తల మీంచి వేసుకునే వదులు పాంచో మేలు, బ్యాగు కూడా దాని కిందే దాగుతుంది. గొడుగు తెచ్చినవాళ్లు కొమ్మలతో కొట్లాడుతూనే ఉన్నారు. చిక్కమగళూరు వైపు మలెనాడు కొండల్లో అడుగడుక్కీ కాళ్లు చూసుకోవాలి, జలగల గోల. ఇక్కడ మాకు ఒక్కటి కూడా పట్టలేదు, దాంతో అక్క భయం సగం పోయింది.

ఈ అడవిని హడావిడిగా దాటిపోకూడదు. శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానవనంలో భాగం ఇది, 1989లో ప్రకటించారు. 2010లో శేషాచలం మొత్తాన్ని జీవావరణ రిజర్వుగా గుర్తించారు. వానకి ఎర్రచందనం బెరడు నల్లగా తడిసి పలకలు పలకలుగా కనిపిస్తుంది. గిల్లతీగలైతే చెట్టు నుంచి చెట్టుకి మనిషి తొడంత లావున పాకిపోయి, ఎక్కడ మొదలో ఎక్కడ చివరో తెలియదు. దేవాంగ పిల్లి (స్లెండర్ లోరిస్, పేరుకే పిల్లి) ఈ అడవిలో ఉంటుంది గానీ రాత్రి తిరిగే జీవి, పగలు కనపడదు. కనపడేవి కోతులే, అవి మీ బిస్కెట్ ప్యాకెట్‌ని మీకన్నా ముందే చూస్తాయి.

జలపాతం 270 అడుగులు. ఎండాకాలం ఫొటోల్లో బండ కనపడుతుంది, పక్కనుంచి నీళ్లు జారతాయి. ఆ రోజు బండ కనపడలేదు. గుండం దగ్గరికి చేరకముందే తుంపర ముఖానికి కొట్టింది, పక్కనున్న మనిషితో మాట్లాడాలంటే చెవి దగ్గరికి పోయి అరవాల్సి వచ్చింది. అక్కడున్న గార్డు మమ్మల్ని తాడు గీత దగ్గరే ఆపేశాడు. బావ ఇంకొంచెం ముందుకి పోతానంటే, "నీళ్లు ఎర్రగా మారినా, ఆకులూ పుల్లలూ కొట్టుకొచ్చినా, ఒక్క నిమిషం నిలబడొద్దు సార్, పైన వాన పడినట్టు లెక్క. మీకు ఈడ పడకపోయినా వరద మాత్రం వచ్చేస్తాది, ఎనక్కి రాండి" అన్నాడు. బావ మారు మాట్లాడకుండా వచ్చేశాడు. ఈ గుండంలో దూకి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లున్నారు. 2021 నవంబరులో ఇదే కొండల వరుస అవతల చెయ్యేరు నదికి ఎంత నీరొచ్చిందంటే అన్నమయ్య ప్రాజెక్టు కట్టే తెగిపోయింది. ఆరెంజ్, రెడ్ అలర్ట్ ఉన్నప్పుడు ప్రయాణం మానుకోండి. జలపాతం పైకెక్కే దారి, చెట్ల మధ్య తాళ్ల వంతెన ఆ రోజు మూసేశారు. కొంతమంది కుర్రాళ్లు గేటు దగ్గర గొడవపడ్డారు, నాకైతే మూసేయడమే సరిగా అనిపించింది.

తిండికి పెద్ద హోటళ్లేమీ లేవు. పొద్దున పోతూ చెప్పిపోతే, తిరిగొచ్చేసరికి కట్టెల పొయ్యి మీద వండిపెట్టే ఆడవాళ్లున్నారు. రాగి సంగటి, నాటుకోడి పులుసు, ఉల్లిపాయ ముక్క. తడిసి వణుకుతూ వచ్చి ఆ వేడి సంగటి ముద్ద తిన్నాక, బెంగళూరులో రాయలసీమ రుచులు అని బోర్డు పెట్టి అమ్మేదాని గురించి మాట్లాడబుద్ధి కాలేదు. పాపకి కారం ఎక్కువైంది, పెరుగన్నం చేసిపెట్టారు, దానికి విడిగా డబ్బులు కూడా అడగలేదు.

మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లని తీసుకొస్తే గుడి దగ్గర వాగు చూపించి కూర్చోబెట్టండి, తడి మెట్ల మీదికి వద్దు. పదేళ్లు దాటిన పిల్లలకి పర్వాలేదు. తిరుగుదారిలో టైం మిగిలితే మదనపల్లె దగ్గర హార్సిలీ హిల్స్ ఎక్కొచ్చు, మేం ఎక్కాం, మబ్బు తప్ప ఏం కనపడలేదు, టీ మాత్రం బాగుంది. అద్దె బండి తిరిగిచ్చాక శుభ్రం చేసే ఖర్చని డిపాజిట్‌లో కోత పెట్టారు. బయల్దేరే ముందు తీసిన వీడియో, వైపర్ బిల్లు రెండూ పంపితే నాలుగో రోజున తిరిగి వేశారు.