పర్లాకిమిడి ఒక్కరోజు షికారు: రాజమహలుకి మూడు మార్కులు, కొమ్ముపనికి నాలుగున్నర

బరంపురంలో నలుగురు స్నేహితులు కలిసి పొద్దున్నే బయల్దేరి రాత్రికి ఇల్లు చేరాలనుకుంటే గోపాల్‌పూర్ బీచో, తారాతారిణి కొండో అంటారు. ఆంధ్రా సరిహద్దుని ఆనుకుని ఒడిశాలో ఉన్న పర్లాకిమిడి పేరు ఎవరి నోటా రాదు. వచ్చినా "అక్కడేముంది, ఓ పాత కోట" అని కొట్టిపారేస్తారు. ఆ మాటలో సగం నిజం ఉంది. కోట ఒక్కటే చూసి రావడానికైతే అంత దూరం వెళ్ళక్కర్లేదు. వీధులు నడిచి చూసే ఓపిక, చేతిపని మీద కాస్త కన్ను ఉన్నవాళ్ళకి మాత్రం ఈ చుట్టుపక్కల ఇంతకంటే మంచి ఊరు దొరకదు.

ముందు దారి సంగతి. హైవే మీద ఇచ్ఛాపురం, పలాస, టెక్కలి దాటి, అక్కణ్ణించి పాతపట్నం మీదుగా వెళ్ళడం సులువు. ఎక్కడా పెద్దగా ఆగకపోతే మూడు గంటలు పట్టొచ్చు. కారు అద్దెకి తీసుకుంటే ఇక్కడే చాలామంది దెబ్బ తింటారు. ఒడిశా పసుపు ప్లేటు బండి ఇచ్ఛాపురం దగ్గర ఆంధ్రాలోకి దిగి, పాతపట్నం దాటాక మళ్ళీ ఒడిశాలోకి ఎక్కుతుంది. బండికి ఆలిండియా టూరిస్టు పర్మిట్ లేకపోతే ఆంధ్రాకి తాత్కాలిక పర్మిట్, టాక్సు కట్టాలి. బేరం ఆడేటప్పుడే ఈ సంగతి అడిగి, అది కిరాయిలో కలిసిందో లేదో తేల్చుకోండి. దారిలో ఆపాక డ్రైవరుతో వాదించి లాభం లేదు. ఈ గొడవే వద్దనుకుంటే దిగపహండి, మోహన, ఆర్.ఉదయగిరి మీదుగా ఒడిశా దాటకుండానే వెళ్ళొచ్చు. తప్తపాణి అడవి, కొండలు కంటికి పండగే. కానీ ఘాట్ రోడ్డు, మలుపులు ఎక్కువ, టైమూ ఎక్కువ. వాంతుల భయం ఉన్నవాళ్ళని ముందు సీట్లో కూర్చోబెట్టండి.

రైలు మీద సరదా ఉన్నవాళ్ళకి నౌపడ నుంచి గుణుపురం వెళ్ళే లైను ఉంది. పర్లాకిమిడి రాజావారు సొంతంగా వేయించుకున్న లైను ఇది. 1900లో నౌపడ నుంచి పర్లాకిమిడి దాకా రెండున్నర అడుగుల నేరోగేజి మీద బళ్ళు మొదలయ్యాయి, తర్వాత గుణుపురం దాకా పొడిగించారు. 2004లో ఆ చిన్న బండి ఆగిపోయింది, 2011లో బ్రాడ్‌గేజి వచ్చింది. పాత చిన్నబండి కోసం వెళ్తే నిరాశే. పైగా ఈ లైన్లో బళ్ళు తక్కువ, మెయిన్ లైన్ ఎక్స్‌ప్రెస్‌లు ఎక్కువగా పలాసలో ఆగుతాయి తప్ప నౌపడలో ఆగవు. తిరుగు బండి ఎన్నింటికో చూసుకోకుండా రైల్లో వెళ్ళకండి.

ఇక రాజమహలు. గజపతి ప్యాలెస్‌కి నమూనా గీసింది రాబర్ట్ ఫెలోస్ చిషోల్మ్ అనే ఇంగ్లీషు ఇంజనీరు. మద్రాసు యూనివర్సిటీ సెనేట్ హౌసు కట్టించింది కూడా ఈయనే. మన వాస్తు పద్ధతిని తెల్లవాళ్ళ కట్టడంతో కలపడం ఆయన అలవాటు. ఆ గుమ్మటాలు, కమానుల వరసలు దూరం నుంచి చూస్తే ఏదో ఐరోపా పట్నంలో నిలబడ్డట్టే ఉంటుంది. దగ్గరికి వెళ్తే రాలిన సున్నం, గోడల్లో మొలిచిన రావి మొక్కలు కనిపిస్తాయి. ఇది రాజకుటుంబం ఆస్తి. టిక్కెట్టు కొని గదిగదీ తిరిగే మ్యూజియం అనుకుని వెళ్ళి గేటు దగ్గర అలిగి వెనక్కొచ్చేవాళ్ళు చాలామంది. బయటి నుంచి చూడ్డానికి అరగంట చాలు. ఫోటోలు కావాలంటే ఎండ ఎక్కకముందే వెళ్ళండి. లోపలికి రానిస్తారా అని మర్యాదగా అడగండి, కాదంటే గొడవ పడకండి. దీనితోపాటు బృందావన్ ప్యాలెస్ కూడా ఉంది, స్థానికులు బి.ఎన్. ప్యాలెస్ అంటారు. మూడంతస్తుల మేడ. రెండింటిలో ఒకటే చూసే టైముంటే గజపతి ప్యాలెస్ చూడండి.

ఈ మహల్లో ఉన్న కృష్ణచంద్ర గజపతి నారాయణదేవ్ 1937లో ఒడిశాకి మొదటి ప్రధానమంత్రి అయ్యారు. అప్పట్లో రాష్ట్ర ప్రభుత్వాధినేతని అలాగే పిలిచేవారు. అంతకు ముందు ఏడు, 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడి ఊరు అటు వెళ్ళిపోయింది, జమీందారీలో కొంత భాగం మద్రాసు వైపే ఉండిపోయింది. తెలుగువాళ్ళకి ఈ ఊళ్ళో అసలు తీర్థం ఇంకోటుంది. గిడుగు రామమూర్తి పంతులుగారు 1880లో రాజావారి స్కూల్లో చరిత్ర మాస్టారుగా చేరి, ఇక్కడి కొండల్లో సవరలనే గిరిజనులు మాట్లాడే సవర భాష నేర్చుకుని, ఆ భాషకి నిఘంటువు, వ్యాకరణం తయారుచేసింది ఇక్కడే ఉండి. ఊరు ఒడిశాలో కలిసిందని నొచ్చుకుని 1936లో రాజమండ్రి వెళ్ళిపోయారు. పంతులుగారు పాఠాలు చెప్పిన ఊళ్ళో కాసేపు నడవాలనుకునేవాళ్ళు రాజావారి పేరుతో ఉన్న కాలేజీ వైపు వెళ్ళండి. బజార్లో ఒరియా, తెలుగు, సవర మూడూ వినబడతాయి. బోర్డులు ఒరియాలో ఉన్నా తెలుగులో అడిగితే ఎవరైనా దారి చెబుతారు.

అసలు నాలుగున్నర మార్కులూ కొమ్ముపనికి. గేదె కొమ్ము, ఆవు కొమ్ముతో కొంగలు, నెమళ్ళు, రొయ్యలు, చేపలు, దువ్వెనలు, చేతికర్రలు చేస్తారు. వీలైతే దుకాణంలో కాకుండా పనిచేసే చోటికే వెళ్ళి కొనండి. కొమ్ముకి వేడి తగలగానే జుట్టు కాలిన వాసన వస్తుంది. మెత్తబడగానే చల్లారేలోపు వంచాలి, నొక్కాలి, ఆలస్యమైతే పగులుతుంది. తర్వాత రంపం, ఆకురాయి, బరకకాగితం, చివర నూనె పట్టించి మెరుగు. కొమ్ము మొదలు బోలుగా ఉంటుంది, అది చీల్చి పలకగా నొక్కితే దువ్వెనలు వస్తాయి. కొన మాత్రమే గట్టి ముద్ద. ఒక్కో కొమ్ముకి ఒక్కటే కొన కనక గట్టి బొమ్మ ఖరీదెక్కువ. అది అన్యాయం కాదు.

కొనేటప్పుడు చూడవలసినవి కొన్ని. వస్తువుని వెలుతురుకి ఎత్తి పట్టండి. నిజమైన కొమ్ములో చారలు ఒకచోట చిక్కగా, ఒకచోట పల్చగా ఉంటాయి. ప్లాస్టిక్‌కి అంతా ఒకటే రంగు. అనుమానం తీరకపోతే బొమ్మని కాల్చి చూపమనకండి, నేల మీది రజను చిటికెడు అడగండి. అంటిస్తే ప్లాస్టిక్ కరిగి ముద్దవుతుంది, కొమ్ము జుట్టులా చిటపటలాడి కాలుతుంది. దువ్వెనని అద్దం బల్ల మీద పెట్టండి. ఊగితే హడావుడిగా నొక్కిన పలక, వానాకాలంలో ఇంకా వంకర పోతుంది. పళ్ళని చేతి వెనకవైపు గీసి చూస్తే లోపలి అంచులు రుద్దారో లేదో తెలిసిపోతుంది. కొంగ కొన్నారా, మెడ దగ్గర, పీట దగ్గర అతుకులు చూడండి. రొయ్య మీసాలు సన్నగా చెక్కిన కొమ్ముపోగులు. అందరూ ముచ్చటపడి కొనేది అదే, ఇల్లు చేరేలోపు విరిగేదీ అదే. అట్టపెట్టెలో దూది పెట్టి ఇవ్వమనండి. ఎండలో నిలబెట్టిన కారు డాష్‌బోర్డు మీద మాత్రం పెట్టకండి. వేడి చేసి వంచిన మెడ వేడికే మళ్ళీ సాగుతుంది.

ఇంట్లో వేణ్ణీళ్ళతో కడక్కండి. కొబ్బరినూనె చుక్క గుడ్డ మీద వేసి తుడిస్తే చాలు. కొమ్మూ జుట్టూ ఒకే పదార్థం కనక ఉన్నిని తినే పురుగులే దీన్నీ తింటాయి, అప్పుడప్పుడు తీసి చూస్తుండండి. జింక కొమ్ము, అడవిదున్న కొమ్ము అని ఎవరైనా గొప్పగా చూపిస్తే ముట్టుకోకండి, వన్యప్రాణి చట్టం కింద కేసవుతుంది. ఏది కొన్నా బిల్లు తీసుకోండి.

తిండికి ఇబ్బంది లేదు. పొద్దున ఉప్మా మీద ఘుగుని (ఎండు బఠాణీల కూర) వేయించుకుని తినండి, మన ఇళ్ళలో పల్లీచట్నీతో తినే ఉప్మా కంటే ఇదే నయం. మధ్యాహ్నం భోజనం ఓ మోస్తరు.

చాలామంది అదే రోజు మహేంద్రగిరి కూడా కలిపేస్తారు. వద్దు. 1501 మీటర్ల కొండ, పైన భీముడి గుడి, కుంతి గుడి, దారంతా ఘాట్. దానికే ఒక రోజు కావాలి. రెండూ కలిపితే ఊళ్ళో గంట, కొండ మీద గంట మిగులుతాయి, కొమ్ముపని అంగడి ముఖం కూడా చూడరు. అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా వెళ్ళండి, రథయాత్ర రోజుల్లో కారు పెట్టడానికి చోటు దొరకదు. తిరుగు ప్రయాణంలో చీకటి పడకముందే టెక్కలి దాటేస్తే పలాసలో ఆగి జీడిపప్పు కొనొచ్చు. అక్కడ 240 అంటే పెద్ద గుళ్ళు (విడిపోని నిండు పప్పు), 320 అంటే చిన్నవి. పాయసానికైతే బద్దలు చాలు, గుళ్ళ ధర పెట్టకండి.