సెయింట్ హెలెన్స్ ఒకరోజు యాత్ర: గైడుకు అయిదు స్టార్లు, ఏర్పాట్లకు రెండు

అమెరికాలోని పోర్ట్‌లాండ్ నుంచి సెయింట్ హెలెన్స్ అగ్నిపర్వతానికి తీసుకెళ్లే వ్యాను యాత్రకు జూలైలో అమ్మతో కలిసి వెళ్లాను. సంస్థ పేరు రాయడం లేదు. ఇలాంటి యాత్రకు డబ్బు కట్టేముందు మాత్రం అక్కడి గుట్టల మధ్యగా సాగే హమ్మక్స్ కాలిబాట దగ్గర ఎంతసేపు ఆపుతారో అడిగి తెలుసుకోండి.

కొండ బిలం ముందు ఫొటోలు ఎవరైనా తీయిస్తారు. అసలు చూడవలసినవి 1980 మే 18 నాటి పేలుడులో కొండ ఉత్తరభాగం కూలి లోయను కప్పేసినప్పుడు మిగిలిన గుట్టల నడుమ ఏర్పడిన మడుగులు. అలాంటివి వందకు పైగా కొత్తగా పుట్టాయి. ఒక మడుగు అంచున గైడు చూపించిన నల్లటి మరక నిజానికి వేలాది చిరుకప్పల గుంపు. చేతి నీడ పడగానే అది చెదిరి, కాసేపటికి మళ్లీ దగ్గరపడింది. "మన చెరువుగట్టున చూసేవే కదరా, వీటికి టికెట్టు కూడానా?" అని అమ్మ నవ్వింది.

ఆ తర్వాత గైడు చెప్పిన విషయాలకు టికెట్టు డబ్బు గిట్టుబాటైంది. పేలుడు నాటికి ఎత్తయిన సరస్సులు ఇంకా మంచుగడ్డ కిందే ఉన్నందువల్ల నీటి అడుగున ఉన్న జీవులు చాలావరకు బతికాయి. బల్లిలా కనిపించే ఉభయచరాలైన నార్త్‌వెస్టర్న్ సాలమాండర్‌లలో కొన్ని పెద్దయ్యాక అడవికి చేరతాయి, మరికొన్ని మొప్పలతోనే జీవితాంతం నీటిలో ఉండిపోతాయి. అడవి మాడిపోయినప్పుడు జాతిని నిలబెట్టినవి ఈ రెండో రకమే. ఇంత నష్టం జరిగితే మిగిలినవాటిలో జన్యు వైవిధ్యం సన్నగిల్లుతుందని నేను అనుకున్నాను. కానీ చల్లని వాగుల్లో బతికే కోస్టల్ టెయిల్డ్ ఫ్రాగ్ అనే కప్పల జన్యువులను పరిశీలిస్తే, పేలుడు ప్రాంతంలోనూ ఆ వైవిధ్యం బాగానే నిలిచి ఉందని తేలిందట. చేపల సంగతి అడిగేలోపే హారన్ మోగింది.

దాదాపు నాలుగు కిలోమీటర్ల కాలిబాటకు ముప్పావుగంట ఇచ్చి, జ్ఞాపికల దుకాణం దగ్గర గంటకు పైగా నిలిపారు. 2023లో కొండచరియలు విరిగిపడి రోడ్డు తెగినందువల్ల బిలం ఎదురుగా కనిపించే జాన్‌స్టన్ రిడ్జ్ దాకా వ్యాను వెళ్లలేదు. కరపత్రం మీద మాత్రం అక్కడి దృశ్యమే అచ్చయి ఉంది. వచ్చే ఏడాది మా కారులోనే వెళ్తాం. గైడు విడిగా వస్తాడేమో అమ్మ అప్పుడే అడిగి ఉంచింది.