గుంటూరులో రెండు నెలల రీసెర్చ్ ఇంటర్న్‌షిప్: 6,000 కట్టి చేశా, ఎలా ఉందో చెప్తా

ఆస్పత్రి పేరు రాయను. గుంటూరులో ప్రైవేటుది, ఎంబీబీఎస్ పిల్లలకు వేసవిలో రీసెర్చ్ ఇంటర్న్‌షిప్ పెడుతుంది, అంతవరకు చాలు. మాది విజయవాడ. పొద్దున్నే బస్టాండ్‌లో గుంటూరు నాన్‌స్టాప్ ఎక్కడం, సాయంత్రం తిరుగు బస్సులో కాజ టోల్‌గేటు దగ్గర ఉలిక్కిపడి నిద్ర లేవడం, రెండు నెలలు ఇదే బతుకు. మే నెల ఎండ గురించి మీకు నేను కొత్తగా చెప్పేదేముంది. ఫీజు 6,000, స్టైపెండ్ లేదు, భోజనం మన జేబులోంచే. క్యాంటీన్‌లో ఉప్మా పెసరట్టు బాగుంటుంది కానీ పదింటికల్లా అయిపోతుంది.

చేరిన రోజే గైడ్ గారు టాపిక్ చెప్పారు. షుగర్ ఉన్నవాళ్ల పాదాల్లో స్పర్శ ఎంత తగ్గింది, షుగర్ వచ్చి ఎన్నేళ్లయిందన్న దాన్ని బట్టి అది ఎలా మారుతోంది. మంచి టాపిక్. కానీ ఎథిక్స్ కమిటీ (పేషెంట్లతో చేసే స్టడీలకు అనుమతిచ్చే కమిటీ) లెటర్ ఇంకా రాలేదు. అది రాకుండా పేషెంటును ఒక్క ప్రశ్న కూడా అడగకూడదు, ఆ రూలు మీద నాకేం కోపం లేదు. మేలో బ్యాచ్ ఉందని జనవరిలోనే ఫీజు కట్టించుకున్నవాళ్లకు, కమిటీకి కాగితం కాస్త ముందే పెట్టుకోవాలని తెలియదా అన్నదే నా గోల. 8 వారాల్లో 2 వారాలు లైబ్రరీ ఏసీలో కూర్చుని జొటేరో నేర్చుకున్నాం. పేపర్లకు రెఫరెన్సులు సర్దిపెట్టే ఫ్రీ సాఫ్ట్‌వేరే అది, ఇంట్లో మంచం మీద పడుకుని కూడా నేర్చుకోవచ్చు.

మూడో వారం నుంచి అసలు పని. చేతికి మోనోఫిలమెంట్ ఇచ్చారు. చూడటానికి గాలం తాడు ముక్కకు పిడి పెట్టినట్టు ఉంటుంది. పాదం మీద నిలువుగా ఆనించి అది వంగేదాకా నొక్కితే 10 గ్రాముల ఒత్తిడి పడుతుంది, పేషెంటు కళ్లు మూసుకుని, తగిలినప్పుడల్లా "ఆఁ" అనాలి. పుస్తకంలో దీనికి రెండే లైన్లు. ఓపీలో సగం మంది ఒక కన్ను కొంచెం తెరిచి చూసి మరీ "ఆఁ" అంటారు, తెలియలేదంటే తిడతామేమోనని. మిర్చి యార్డులో పనిచేసే ఆడవాళ్లు కొందరు వచ్చేవారు, అరికాళ్లు కాయలు కాసి అట్టలా ఉండేవి. ఆ కాయ మీద నొక్కితే షుగర్ లేనివాళ్లకైనా తెలియదు, దాన్ని తప్పించి పక్కన మెత్తటి చోట నొక్కాలి. మొదటి పదిమందికి నేను కాయల మీదే నొక్కా. పీజీ అక్క చూసి ఆ పదీ కొట్టేయించింది. ఆ పూట ఏడుపొచ్చింది కానీ ఇప్పుడు అక్కకు దణ్ణం పెడతా.

ఇంకోటి. ప్రొఫార్మాలో, అంటే పేషెంటు వివరాలు నింపే ఫారంలో, "షుగర్ ఎన్నేళ్లుగా ఉంది" అని ఒక గడి ఉంటుంది. ఒక మామ్మగారిని అడిగితే "కృష్ణా పుష్కరాలకి స్నానానికెళ్లినప్పుడు కాలికి దెబ్బ తగిలింది తల్లీ, అది మానకపోతే అప్పుడు బయటపడింది" అంది. పుష్కరాలంటే 2016 కదా అని లెక్కేసి రాసేశా. పక్కన కోడలు అందుకుని "నేను కాపురానికొచ్చేనాటికే మీరు బిళ్లలు మింగుతున్నారు కదత్తయ్యా, అవి ముందటి పుష్కరాలు" అంది. ఆమె పెళ్లి 2009లో. అంటే మామ్మగారు చెప్పింది 2004 పుష్కరాలు. ఒక్క గడిలో 12 ఏళ్ల తేడా, మా స్టడీ మొత్తం నిలబడిందే ఆ గడి మీద! రీకాల్ బయాస్ (పాత సంగతి తప్పుగా గుర్తుండి లెక్క తప్పడం) అని పీఎస్ఎం (కమ్యూనిటీ మెడిసిన్) సబ్జెక్టులో బట్టీపట్టి రాశాం కానీ, అదెలా ఉంటుందో ఆ కోడలు లేకపోతే నాకు తెలిసేది కాదు. అప్పట్నుంచి ఏడాది అడగడం మానేసి పిల్లల పెళ్లిళ్లు, ఇల్లు కట్టిన ఏడు, పుష్కరాలైతే ఏ పుష్కరాలు అని అడిగి, పాత చీటీలుంటే వాటితో సరిచూసుకునేవాళ్లం. రికార్డ్ రూములో ఒక అంకుల్ ఉంటారు, ఐపీ నంబరు (ఆస్పత్రిలో చేరినప్పుడు ఇచ్చేది) లేకపోయినా ఊరూ నెలా చెప్తే కేస్ షీట్ వెతికి తెచ్చేవారు. ఈ ఇంటర్న్‌షిప్‌లో నాకు ఎక్కువ నేర్పింది ఆయనే, సర్టిఫికెట్ మీద సంతకం మాత్రం ఆయనది కాదు.

తెలుగు కన్సెంట్ ఫారం అయితే చెప్పక్కర్లేదు. "ఈ అధ్యయనమునందు స్వచ్ఛందముగా పాల్గొనుటకు సమ్మతించుచున్నాను" అని ఉంటే ఒకాయన చదివి "ఆపరేషనా అమ్మా" అని లేచి వెళ్లిపోబోయాడు. భాష మార్చమని అడిగాం. మార్చిన ఫారం మళ్లీ కమిటీకి వెళ్లాలి కాబట్టి ఇంకో వారం. అయినా మార్చారు, ఆ మార్కులు వాళ్లకివ్వాలి.

ఇక వాట్సాప్‌లో తిరిగే వాళ్ల పోస్టరు మీద పెద్దక్షరాల్లో "పబ్లికేషన్ గ్యారంటీ" అని ఉంటుంది చూశారా, దాని సంగతి. ఆఖరి వారం ఆఫీసు నుంచి ఒకరొచ్చి జర్నల్ ఫీజు 12,000, మీరు ఆరుగురూ తలా 2,000 వేసుకోండి అన్నారు. ఆథర్ల లిస్టు చూస్తే మేమెప్పుడూ మొహం చూడని రెండు పేర్లున్నాయి. ఐసీఎంజేఈ (మెడికల్ జర్నళ్ల ఎడిటర్ల కమిటీ) ప్రకారం ఆథర్ అవ్వాలంటే నాలుగు షరతులూ ఉండాలి: పనిలో చెప్పుకోదగ్గ పాలు, పేపరు రాయడమో దిద్దడమో, చివరి ప్రతికి ఒప్పుకోలు, ఎవరైనా ప్రశ్నిస్తే జవాబు చెప్పే బాధ్యత. నాలుగు మాట దేవుడెరుగు, ఆ ఇద్దరికీ మా టాపిక్ ఏంటో అయినా తెలుసో లేదో. జర్నల్ పేరు పబ్‌మెడ్‌లో (మెడికల్ పేపర్లు వెతికే సైటు) కొడితే రాలేదు, వాళ్ల సైట్లో మాత్రం మూడు రోజుల్లో యాక్సెప్టెన్స్ అని గర్వంగా రాసుకున్నారు. నేనూ ఇంకో ఇద్దరూ డబ్బు కట్టలేదు. మాస్టర్ చార్ట్ (పేషెంట్లందరి డేటా ఒకేచోట ఉన్న పట్టిక) కాపీ మాత్రం గైడ్ గారి అనుమతితో, పేర్లూ ఐపీ నంబర్లూ తీసేసి తెచ్చుకున్నాం.

ఇదే రెండు నెలల పని ఐసీఎంఆర్ (కేంద్ర వైద్య పరిశోధన మండలి) వాళ్ల ఎస్‌టీఎస్, అంటే షార్ట్ టర్మ్ స్టూడెంట్‌షిప్, కింద చేస్తే ఎదురు డబ్బిస్తారు, 50,000, అదీ రిపోర్టు పంపి వాళ్లు ఓకే చేశాకే. 1979 నుంచి నడుస్తున్న స్కీము. కాలేజీలో గైడ్‌ను పట్టుకోవాలి, ప్రపోజల్ మనమే రాయాలి, వస్తుందన్న గ్యారంటీ లేదు. నేనూ పెట్టా, రాలేదు, అందుకే ఇక్కడ 6,000 కట్టా, దాచడమెందుకు. మీ కాలేజీలో పలికే ఫ్యాకల్టీ ఒక్కరున్నా ముందు అటు చూడండి. లేదు, ఇందులోనే చేరతానంటారా, ఫీజు కట్టేముందు ఎథిక్స్ లెటర్ వచ్చిందా అని అడగండి, వచ్చిందంటే తారీఖు చూపించమనండి.

నా రేటింగ్ 5కి 3. ఆ మూడూ ఓపీకి, పీజీ అక్కకి, రికార్డ్ రూముకి. సర్టిఫికెట్‌లో నా ఇంటిపేరు తప్పు పడింది, మార్చమని మెయిల్ పెట్టి మూడు వారాలైంది. మారిస్తే ఇంకో అర స్టార్ కలుపుతా.