సంస్థ పనా, సొంత కామిక్కా: చేయి తిరిగిన చిత్రకారుడి ఎంపిక

కామిక్స్ గీయడంలో తలపండిన చిత్రకారుడు ఇకపై తన కాలాన్ని ప్రచురణ సంస్థ పాత్రలకు ఇవ్వాలా, సొంత కథకు ఇవ్వాలా?

రాబడి: సంస్థ పనిలో పేజీకి ఇంత అని ముందే తేలుతుంది, సొంత పుస్తకం అమ్ముడైతేనే డబ్బు.

శ్రమ: అక్కడ పెన్సిల్ గీతలు ఇస్తే చాలాసార్లు ఇంకు, రంగులు, అక్షరాలు వేరేవాళ్లు చూసుకుంటారు; ఇక్కడ మాటల బుడగ ఎక్కడ పెట్టాలన్నదీ తానే తేల్చుకోవాలి, ఆ స్వేచ్ఛే నా దృష్టిలో అన్నిటికన్నా విలువైనది.

హక్కులు: 1938లో సీగెల్, షూస్టర్ తాము సృష్టించిన సూపర్‌మ్యాన్ హక్కులను 130 డాలర్లకు ప్రచురణ సంస్థకు వదులుకున్నారు, 1992లో ఇమేజ్ కామిక్స్ అనే ప్రచురణ సంస్థను స్థాపించిన చిత్రకారులు మాత్రం హక్కులు సృష్టికర్తలకే ఉండాలని పట్టుబట్టారు.

ఇల్లు గడవడానికి వేరే ఆధారం లేనివారికి సంస్థ పనే మేలు. కొంత పొదుపు ఉండి, చేయి వణకకముందే చెప్పాల్సిన కథ ఉన్నవారు సొంత కామిక్‌నే ఎంచుకోవాలి.