పాలగిన్నె కొనేటప్పుడు అడుగు చూడండి: నాలుగు రకాలు ఏళ్ల తరబడి వాడాక నా సమీక్ష

మా ఇంట్లో పిడి గిన్నెలు నాలుగు రకాలున్నాయి. అత్తమ్మ కాలం నాటి సిల్వర్ (అంటే అల్యూమినియం) గిన్నె, పల్చటి స్టీలు టీ గిన్నె, అడుగున మందపాటి బిళ్ల అతికించిన స్టీలు గిన్నె, ఇప్పుడు అందరూ చెప్పుకుంటున్న ట్రైప్లై (మూడు పొరల) సాస్‌పాన్. నాలుగూ ఏళ్ల తరబడి పొయ్యెక్కినవే. ఏది కొనాలని అడిగేవాళ్లకు నా మాట ముందే చెప్తున్నా: పాలకు ట్రైప్లై ఒకటి తీసుకోండి, టీకి మామూలు స్టీలుది చాలు, సెట్టు జోలికి పోవద్దు.

పాల సంగతే ముందు ఎందుకంటే, మా నెల్లూరు ఎండలకు పాలు ఒకసారి కాచి ఊరుకుంటే కుదరదు. ఫ్రిజ్‌లో చోటు లేకపోయినా, కరెంటు పోయినా సాయంత్రం మళ్లీ కాచాల్సిందే. పైగా మేం పోయించుకునేది చిక్కటి గేదె పాలు. పల్చటి స్టీలు గిన్నెలో అవి అడుగంటకుండా కాయడం నా వల్ల కాలేదు. సిమ్‌లో పెట్టినా, ముందు గిన్నె తడిపి అరగ్లాసు నీళ్లు పోసినా కొంచెం తగ్గేది గానీ పోయేది కాదు. గిన్నె బోర్లిస్తే తెలుస్తుంది కారణం: మాడిన మచ్చ సరిగ్గా బర్నరు మంట ఉన్నంత మేర గుండ్రంగా ఉంటుంది. స్టీలు వేడిని పక్కలకు పాకనివ్వదు. మంట తగిలిన చోట మాడిపోతుంటే అంచుల దగ్గర పాలు ఇంకా గోరువెచ్చగానే ఉంటాయి. అల్యూమినియం అయితే స్టీలు కన్నా దాదాపు 15 రెట్లు బాగా వేడిని పంచుతుంది. అత్తమ్మ సిల్వర్ గిన్నెలో పాలు అంతగా మాడకపోవడానికి అదే కారణం.

ట్రైప్లైలో చేసింది ఆ రెంటినీ కలపడమే. లోపల స్టీలు, మధ్యలో అల్యూమినియం, బయట మళ్లీ స్టీలు, మూడు రేకుల్ని ఒకటిగా అదిమి గిన్నె చేస్తారు. అడుగు నుంచి అంచు దాకా ఆ మూడు పొరలూ ఉంటాయి. పాలు తగిలేది స్టీలుకే, వేడి పంచేది మధ్యలో ఉన్న అల్యూమినియం. నేను కొన్నప్పుడు లీటరున్నర సైజుది పదిహేను వందల లోపే వచ్చింది. ఆ డబ్బుకు పల్చటివి మూడు నాలుగు వస్తాయి, నిజమే. కానీ కొన్నాక పాలు మాడిన వాసన ఇంట్లో రాలేదు. ఇప్పటికీ మీగడ తీశాక గిన్నెలో కాసేపు నీళ్లు పోసి ఉంచితే అంటుకున్నది చేత్తోనే వచ్చేస్తుంది, పీచు అక్కర్లేదు.

ఒక చిక్కు మాత్రం ఉంది, కొట్టువాళ్లు చెప్పరు. మందపాటి గిన్నె వేడిని పట్టుకుని కూర్చుంటుంది. పాలు పొంగు అంచుకొచ్చాక స్టవ్ ఆపితే పల్చటి గిన్నెలో టక్కున దిగిపోతాయి, ఇందులో ఆపాక కూడా ఇంకో వేలెడు ఎగబాకుతాయి. కాస్త ముందే ఆపాలి. అలవాటయ్యే దాకా స్టవ్ తుడుచుకోక తప్పదు.

సైజు దగ్గర కూడా మోసం కాని మోసం ఒకటుంది. డబ్బా మీద రాసే లీటర్లు అంచు దాకా నిండుగా పోస్తే పట్టేవి. పాలు పొంగడానికి మూడో వంతు ఖాళీ ఉండాలి కాబట్టి లీటరు పాలకు లీటరున్నర గిన్నె కావాలి. అది 16 సెంటీమీటర్ల వెడల్పు, ఏడున్నర లోతు ఉంటుంది. ఇద్దరు ముగ్గురికి టీ అయితే 14 సెంటీమీటర్లది సరిపోతుంది. అంతకన్నా చిన్నది కొంటే స్టవ్ స్టాండు మీద నిలవదు, పిడి బరువుకు ఒక పక్కకు ఒరుగుతుంది.

ఇక అడుగున బిళ్ల అతికించిన గిన్నె. పేరున్న కంపెనీదే, పేరు చెప్పను. మొదట్లో ట్రైప్లైకి ఏమాత్రం తీసిపోదనిపించింది. తర్వాత్తర్వాత బిళ్ల అంచున వెంట్రుకంత సందు పడింది. కడిగిన నీళ్లు అందులో చేరి, పొయ్యి మీద పెట్టగానే చుయ్యిమంటూ బయటికొచ్చేవి. గ్యారంటీ కార్డు తీసుకుని వెళ్తే, వేడి గిన్నెలో చన్నీళ్లు పోసుంటారు, అది మా పూచీ కాదన్నారు. మేం అలా పోసే రకం కాదని ఎవరితో చెప్పుకోవాలి? అందరివీ ఇలాగే అవుతాయని అనను. కానీ అతుకు ఉన్న చోట ఎప్పటికైనా అనుమానమే. ట్రైప్లైలో అతికించిన బిళ్ల ఉండదు. ఇంకోటి, బిళ్ల అడుగు వరకే కాబట్టి, మంట పెద్దదైతే అది దాటి పక్కలకు తగిలి అక్కడ పాలు మాడతాయి.

స్టీలు మంచిదో కాదో చూడటానికి అయస్కాంతం పట్టుకెళ్లేవాళ్లు మా పెద్దబజారులో ఇప్పటికీ కనిపిస్తారు. నేనూ అడిగాను, "అంటుకుంటే మంచి స్టీలు కాదంటారు కదన్నా?" అని. "అట్లయితే ఇండక్షన్ గిన్నెలన్నీ చెత్తేనామ్మా?" అన్నాడు కొట్టాయన. మాట నిజమే. ఇండక్షన్ మీద పనిచేయాలంటే అడుగు అయస్కాంతానికి అంటుకునే తీరాలి. అందుకే ట్రైప్లై బయటి పొర 430 అనే రకం స్టీలు, అంటుకుంటుంది. లోపలి పొర 304, అంటుకోదు. తంటా ఏమిటంటే చవక రకమైన 202 కూడా అంటుకోదు. కాబట్టి 304 అని చెప్పి 202 అంటగడితే అయస్కాంతం పట్టించలేదు. 304లో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. 18/8 అని గిన్నె మీద కొట్టేది అందుకే. 202లో ఖరీదైన నికెల్ తగ్గించి మాంగనీస్ కలుపుతారు. కొట్టులో కంటికి తేడా తెలియదు, ఉప్పు నీళ్లు తెలియజేస్తాయి. మా టీ గిన్నెకు పిడి వెల్డింగ్ చేసిన చోట చిన్న తుప్పు చుక్కలొచ్చాయి. సముద్రం వైపు ఊళ్లలో ఉప్పగా ఉండే బోరు నీళ్లతో కడిగేవాళ్లకు ఇది ఇంకా త్వరగా వస్తుంది. స్టీలు, అల్యూమినియం గిన్నెలకు ఐఎస్‌ఐ గుర్తు తప్పనిసరి చేస్తూ 2024 మార్చిలో ఉత్తర్వు వచ్చింది. మార్కు ఏదని అడగడానికి మొహమాటపడొద్దు.

మంచి స్టీలైనా ఒక జాగ్రత్త ఉంది. చల్లటి నీళ్లలో ఉప్పు వేసి పొయ్యి మీద పెడితే అడుగున కూర్చున్న ఉప్పు సూది మొనంత గుంటలు చేస్తుంది. నీళ్లు మరిగాక వేసి కలిపితే ఆ బాధ లేదు. బోరు నీళ్ల వల్ల పట్టే తెల్లటి పొరను గీకక్కర్లేదు, పిండేసిన నిమ్మచెక్కలు వేసి నీళ్లు మరిగిస్తే పోతుంది. అడుగున నీలంగా, ఇంద్రధనుస్సులా కనిపించే రంగు కూడా అలాగే వదులుతుంది, దానివల్ల నష్టమేమీ లేదు.

పిడి గురించి రెండు ముక్కలు. రివెట్లు కొట్టిన స్టీలు పిడి గట్టిది, కానీ ఎక్కువసేపు పొయ్యి మీదుంటే చెయ్యి కాలుతుంది, గుడ్డ కావాలి. నల్ల ప్లాస్టిక్‌లా ఉండే బేకలైట్ పిడి కాలదు గానీ మంట పక్కకు వస్తే మాడుతుంది, స్క్రూ వదులవుతుంది. నేను రివెట్లకే ఓటేస్తాను. లోపలి వైపు రివెట్టు చుట్టూ జిడ్డు చేరుతుంది, పాత బ్రష్‌తో రుద్దాలి, అంతే.

సిల్వర్ గిన్నె పారేయలేదు. గుడ్లు ఉడకబెట్టడానికి, స్నానానికి నీళ్లు కాచడానికి దాన్ని మించింది లేదు. చారు, పులుసు మాత్రం అందులో పెట్టను. చింతపండు పులుపు అల్యూమినియాన్ని తింటుంది. చేపల పులుసంటారా, దానికి మట్టి దాకే, ఈ సమీక్షలో దానికి పోటీ లేదు.

సెట్టు ఎందుకు వద్దన్నానంటే, మూడు గిన్నెల్లో వాడేది ఒకటే, మిగతా రెండు అటక మీదికి పోతాయి. మా వదిన ఇంట్లో ఇంకా స్టిక్కర్ కూడా తీయని గిన్నెలున్నాయి. అదే డబ్బు పెట్టి విడిగా ఒకటి కొనేటప్పుడు, రెండు మూడింటిని చేత్తో ఎత్తి చూడండి. ఒకే సైజులో బరువున్నది తీసుకోండి. పాలు పోసినప్పుడు కారకుండా అంచు వంపు తిరిగి ఉందో లేదో కూడా చూడండి. నాది తిన్నటి అంచు, గ్లాసులోకి వంపినప్పుడల్లా ఒక ధార గిన్నె వెనకవైపు జారుతూనే ఉంది.