డైనోజెస్ట్‌తో నాలుగేళ్లు, ఫిజియోథెరపీతో రెండేళ్లు

డైనోజెస్ట్ అనే హార్మోన్ మందు, 2 మిల్లీగ్రాముల మాత్ర, మొదలుపెట్టి ఈ నెలతో నాలుగేళ్లు నిండాయి. పొత్తికడుపు అడుగున ఉండే కటి కండరాలకు ఫిజియోథెరపీ మొదలై రెండేళ్లు దాటింది. పొత్తికడుపు నొప్పితో ఏళ్ల తరబడి ఆసుపత్రుల చుట్టూ తిరుగుతున్నవాళ్లు ఈ రెండింటి గురించీ నన్ను అడుగుతుంటారు. ఏది ఎంత పనిచేసిందో ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. నాది ఎండోమెట్రియోసిస్, అంటే గర్భసంచి లోపలి పొర లాంటి కణజాలం గర్భసంచి బయట పెరిగే జబ్బు. మీ నొప్పికి కారణం వేరే కావచ్చు, అందుకే ముందు జబ్బు ఏమిటో తేలాలి.

నాకు అది తేలడానికే పన్నెండేళ్లు పట్టింది. నొప్పి ఇంటర్ రెండో సంవత్సరంలో మొదలైంది. పేగులు మెలితిప్పినట్టు ఉండేది. ‘ఆడపిల్లకు ఈ నొప్పి మామూలే, ఓర్చుకోవాలి’ అంది అమ్మ. పెళ్లయ్యాక ‘ఒక కాన్పు అయితే అదే సర్దుకుంటుందమ్మా’ అన్నారు అత్తగారు. ఇద్దరూ ప్రేమతోనే చెప్పారు, వాళ్లకూ పెద్దవాళ్లు అలాగే చెప్పి ఉంటారు. బాబు పుట్టాడు. నొప్పి మాత్రం నెలసరి రోజులు దాటి నెలంతా పాకింది. నేను హైస్కూలు టీచర్ని. నాలుగో పీరియడ్ వచ్చేసరికి నొప్పి కుడి తొడలోకి లాగేది, బల్ల పట్టుకుని పాఠం చెప్పేదాన్ని.

నాలుగుసార్లు అల్ట్రాసౌండ్ స్కాను తీశారు, నాలుగుసార్లూ ‘నార్మల్’ అనే వచ్చింది. చాక్లెట్ సిస్టు, అంటే ఈ జబ్బు వల్ల అండాశయంలో పాత రక్తం చేరిన తిత్తి, ఉంటే స్కానులో కనబడుతుంది కానీ, పొట్ట లోపలి పొర మీద పల్చగా అంటుకున్న మచ్చలు సాధారణ స్కానుకు చిక్కవని నాకు అప్పుడు తెలియదు. రిపోర్టు చేతిలో పెట్టి ‘మీకేం లేదు’ అంటే నిజంగా నాకేం లేదేమో, నేనే ఎక్కువ చేస్తున్నానేమో అనుకున్నాను. ఒకచోట గ్యాస్ అన్నారు. మరోచోట మూత్రంలో ఇన్ఫెక్షన్ అని, కల్చర్ పరీక్షలో ఏమీ రాకపోయినా మూడుసార్లు యాంటీబయాటిక్స్ ఇచ్చారు. ఇరవై ఎనిమిదేళ్ల వయసులో ఒక ఆసుపత్రిలో ‘బాబు ఉన్నాడు కదా, గర్భసంచి తీసేయించుకోండి, గొడవ వదిలిపోతుంది’ అన్నారు. అది తలుచుకుంటే ఇప్పటికీ కోపం వస్తుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 3 శాతం పైచిలుకు ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో 9 శాతానికి, తెలంగాణలో 8 శాతానికి దగ్గరగా ఉన్నారు. నా జబ్బు గర్భసంచి బయట ఉంది. సంచి ఒక్కటీ తీసేసి ఊరుకుంటే బయట ఉన్నది అక్కడే ఉండిపోయేది.

దారి చూపింది ఒక రెండు వందల పేజీల నోటుబుక్కు. మా స్కూల్లో సైన్సు టీచరు, అక్కలాంటిది, ‘నోటితో చెబితే మధ్యలో ఆపేస్తారు, రాసి తీసుకెళ్లు’ అంది. తేదీ, నెలసరి ఎన్నో రోజు, నొప్పి పదికి ఎంత, ఎక్కడ, అప్పుడు ఏం చేస్తున్నాను, ఏ మాత్ర వేసుకున్నాను అని గళ్లు గీసి మూడు నెలలు రాశాను. ఖమ్మం నుంచి హైదరాబాదు వెళ్లి చూపించుకున్న గైనకాలజిస్టు ఆ పేజీలు తిప్పి చదివారు. మలవిసర్జనప్పుడు నొప్పి ఉంటుందా, భార్యాభర్తలు కలిసినప్పుడు లోపల లోతుగా నొప్పి వస్తుందా అని అడిగారు. పన్నెండేళ్లలో ఈ రెండు ప్రశ్నలూ అడిగిన మొదటి మనిషి ఆవిడే. చేత్తో పరీక్ష చేసి, గర్భసంచి వెనక గట్టిగా తగులుతోందని ఎమ్మారై రాశారు. తర్వాత లాప్రోస్కోపీలో, అంటే పొట్టకు చిన్న రంధ్రాలు పెట్టి కెమెరాతో చూస్తూ చేసే ఆపరేషన్‌లో, మచ్చలు తీసేశారు. తీసిన ముక్కను పరీక్షిస్తే (బయాప్సీ) ఎండోమెట్రియోసిస్ అని ఖాయమైంది. అందరికీ ఆపరేషన్ అవసరం లేదు. 2022 నాటి యూరోపియన్ మార్గదర్శకాల ప్రకారం లక్షణాలను బట్టి ముందు మందులతోనే చికిత్స మొదలుపెట్టవచ్చు.

ఇక మాత్ర సంగతి. మొదటి నాలుగు నెలలు నరకం. రోజూ కొద్దికొద్దిగా రక్తం కనబడేది. మానేద్దామని రెండుసార్లు అనుకున్నాను. అలా అవుతుందని డాక్టరు ముందే చెప్పడం వల్ల ఆగాను. ఐదో నెలలో నెలసరి పూర్తిగా ఆగింది, దానితో పాటే ఆ మెలితిప్పే నొప్పీ పోయింది. పదికి ఎనిమిది ఉండేది నాలుగుకు దిగింది. తలనొప్పి, మొటిమలు వచ్చి తగ్గాయి. మనసు దిగులుగా ఉండటం మాత్రం మొదటి ఏడాదంతా ఉంది. ఆ సంగతి ఇంట్లో చెప్పండి, డాక్టరుకూ చెప్పండి, దాచుకోవద్దు. రెండు విషయాలు షాపులో ఎవరూ చెప్పరు. నెలసరి ఆగింది కదా అని దీన్ని గర్భనిరోధక మాత్ర అనుకోకూడదు, వేరే జాగ్రత్త పాటించాలి. ఇది జబ్బును అణచి ఉంచుతుందే గానీ తీసేయదు, మానేస్తే నొప్పి తిరిగి రావచ్చు.

పదికి నాలుగు దగ్గర ఆగిన ఆ నొప్పి మాత్రం దాదాపు రెండేళ్లు అక్కణ్నుంచి కదలలేదు. కూర్చుంటే మంట, సాయంత్రానికి కింద బరువు లాగుతున్నట్టు ఉండేది. ఎవరో చెప్పారని కెగెల్ వ్యాయామాలు, అంటే కటి కండరాలను పదేపదే బిగించేవి, చేస్తే ఇంకా పెరిగింది. ఎందుకో ఫిజియోథెరపిస్టు దగ్గర తెలిసింది. ఆవిడ నన్ను పక్కకు తిరిగి పడుకోమని, నా అరచేతిని నా పక్కటెముకల మీదే పెట్టించి, ఊపిరి పీల్చమన్నారు. చెయ్యి కదల్లేదు. పొట్టను లోపలికి బిగపట్టి బతుకుతున్నానని అప్పుడు తెలిసింది. ‘పిడికిలి బిగించండి, ఇప్పుడు వదలండి. కింద కండరాలనూ అలాగే వదలాలి’ అన్నారు. వదలడం నాకు రాలేదు. ఏళ్లకేళ్లు నొప్పికి ముడుచుకుపోయి, స్కూల్లో మరుగుదొడ్డి బాగుండదని సాయంత్రం దాకా మూత్రం ఆపుకుని, ఆ కండరాలు బిగుసుకుపోయాయట. బిగుసుకున్న కండరాన్ని కెగెల్‌తో ఇంకా బిగిస్తే నొప్పి పెరగక ఏమవుతుంది?

మొదట వారానికోసారి, తర్వాత నెలకోసారి వెళ్లాను. లోపలి నుంచి చేత్తో చూసే పరీక్ష ఉంటుంది. ప్రతిసారీ ముందు అడిగి, నేను సరేనన్నాకే చేశారు. అలా అడగనివాళ్ల దగ్గరికి వెళ్లకండి. మూడో నెల నుంచి తేడా తెలిసింది. ఇప్పుడు మామూలు రోజుల్లో నొప్పి ఒకటి, బాగా అలసిన రోజు మూడు. మాత్ర చేయలేని పని ఇది చేసింది, అయితే మాత్ర లేకుండా ఇది ఒక్కటే నాకు చాలేది కాదు. లోటల్లా ఒకటే, ఈ పని తెలిసిన ఫిజియోథెరపిస్టు మా ఊళ్లో లేరు. ప్రతిసారీ నాలుగైదు గంటలు బస్సులో వెళ్లాలి, బస్సు ఖర్చుకు తోడు సెలవూ పోతుంది.

మొన్న పదో తరగతి పరీక్షలప్పుడు మూడు గంటలు నిలబడి ఇన్విజిలేషన్ చేశాను, బల్ల పట్టుకోకుండా. డిసెంబరులో ఎముకల సాంద్రత పరీక్ష రెండోసారి చేయించాలి. ఇంతకాలం వాడుతున్నాను కనుక డాక్టరు అడిగారు. అది చూశాకే మాత్ర కొనసాగించాలో లేదో తేలుతుంది. అప్పటిదాకా రాత్రి తొమ్మిదింటి మాత్ర, పడుకునేముందు పక్కటెముకల మీద చెయ్యి పెట్టుకుని పది నిమిషాల ఊపిరి. నోటుబుక్కు మూడోది నడుస్తోంది.