ఆ 12 నిమిషాలకే ఏఐ: బీఈడీ తరగతిలో రెండేళ్ల వాడకం

విశాఖపట్నంలో ఒక బీఈడీ కాలేజీలో ఫిజికల్ సైన్స్ మెథడాలజీ, అంటే ఆ సబ్జెక్టును బడిలో ఎలా బోధించాలో చెబుతాను. రెండు విద్యా సంవత్సరాలుగా మా ఛాత్రోపాధ్యాయులు (టీచర్లు కాబోయే బీఈడీ విద్యార్థులు) లెసన్ ప్లాన్ల తయారీకి డిజైన్ థింకింగ్ పద్ధతినీ, ఫోన్‌లో ఉచితంగా దొరికే ఒక ఏఐ చాట్‌బాట్‌నీ కలిపి వాడుతున్నారు. మొదటి మూడు నెలలకే ఈ సమీక్ష రాసి ఉంటే అంతా బాగుందనే రాసేదాన్ని. ఇప్పుడు అలా రాయలేను.

డిజైన్ థింకింగ్‌లో ఐదు దశలుంటాయి. ఎదుటివాళ్లను అర్థం చేసుకోవడం, అసలు సమస్య ఏమిటో తేల్చుకోవడం, ఆలోచనలు పోగేయడం, నమూనా తయారుచేయడం, దాన్ని వాడి చూడటం. మొదటి సంవత్సరం నేను చేసిన పెద్ద తప్పు ఏమిటంటే, ఐదు దశల్లోనూ చాట్‌బాట్ వాడుకోమన్నాను. దాంతో పిల్లలను అర్థం చేసుకునే పని కూడా దానికే వెళ్లిపోయింది. "మత్స్యకార కుటుంబాల పిల్లలకు సైన్సులో వచ్చే ఇబ్బందులు ఏమిటి?" అని అడిగితే క్షణాల్లో పది పాయింట్లు వచ్చాయి. పేదరికం, తక్కువ హాజరు, తల్లిదండ్రులకు చదువు లేకపోవడం. ఏ ఊరికైనా సరిపోయే జాబితా అది. రికార్డులు దిద్దుతుంటే ఎనిమిది మందివి దాదాపు ఒకేలా ఉన్నాయి. ఒక్కదాంట్లోనూ ఒక్క పిల్లవాడి మాట లేదు. ఆ రోజు చాలా బాధపడ్డాను.

రెండో ఏడాది వరుస మార్చాం. పిల్లలతో కూర్చుని మాట్లాడి, విన్నది విన్నట్టు నోట్‌బుక్‌లో రాశాకే ఫోన్ తీయాలి. రెండేళ్ల బీఈడీలో 20 వారాలు బడులకు సంబంధించిన పనే కాబట్టి, దీనికి సమయం లేదనడానికి లేదు.

సముద్ర పవనాలు (పగలు సముద్రం నుంచి నేల వైపు వీచే గాలులు), భూపవనాల (రాత్రి నేల నుంచి సముద్రం వైపు వీచే గాలుల) పాఠం తీసుకున్న ఒక అమ్మాయి రెండు సాయంత్రాలు జాలరిపేటలో పిల్లలతో గడిపింది. ఏడో తరగతి అబ్బాయి ఒకడు తన తాత సంగతి చెప్పాడట. అప్పట్లో ఇంజిన్లు లేవు, తెరచాప కట్టిన తెప్పలే. చీకటితోనే బయల్దేరితే గాలి సముద్రం లోపలికి తీసుకెళ్లేది, మధ్యాహ్నం గాలి మళ్లీ ఒడ్డుకు తోసేది. అదే అబ్బాయిని భూపవనం అంటే ఏమిటని అడిగితే తల దించుకున్నాడు. ఆ అమ్మాయి వచ్చి, "మేడం, వాడికి గాలి తెలుసు, మాట తెలీదు" అంది. సమస్యను తేల్చుకోవడం అంటే అదే. నేను ఎన్ని గంటలు చెప్పినా ఆ దశ అంత బాగా అర్థమయ్యేది కాదు.

అప్పుడు చాట్‌బాట్‌ని అడిగాం. కృత్యాలు 15 ఇచ్చింది. చాలావాటికి మా బడుల్లో లేని పరికరాలు కావాలి. ఒకటి మాత్రం నచ్చింది, నేల నీటికంటే త్వరగా వేడెక్కుతుందని చూపేది: రెండు గిన్నెల్లో ఇసుక, నీళ్లు ఎండలో పెట్టి ఐదు నిమిషాలకోసారి ఉష్ణోగ్రత రాసుకోవడం. వేడెక్కడానికి గ్రాముకు ఒక డిగ్రీకి నీటికి సుమారు 4.2 జౌళ్లు, పొడి ఇసుకకు సుమారు 0.8 జౌళ్లు కావాలన్న లెక్క సరిగ్గానే ఇచ్చింది. తెలుగు మాత్రం నన్ను ఇప్పటికీ టెన్షన్ పెడుతుంది. పాఠ్యపుస్తకంలో విశిష్టోష్ణం (స్పెసిఫిక్ హీట్) అని ఉంటే ఇది "నిర్దిష్ట వేడి" అంటుంది. సంవహనం (కన్వెక్షన్) బదులు "ప్రసరణ" అంటుంది. ఒక పేరాలో గాలి దిశ సరిగ్గా చెప్పి, రెండు పేరాల తర్వాత మధ్యాహ్నపు సముద్ర పవనం తెప్పలను సముద్రం లోపలికి తీసుకెళ్తుందని రాసింది. ఆ అబ్బాయి విని ఉంటే వెంటనే తప్పు పట్టేవాడు. పాఠ్యపుస్తకం పక్కన పెట్టుకోకుండా దీని తెలుగును తరగతికి తీసుకెళ్లొద్దని అందరికీ చెబుతున్నాను.

నిజంగా ఇది ఉపయోగపడిన చోటు మైక్రో టీచింగ్, అంటే తోటివాళ్ల ముందు చిన్న పాఠం చెప్పి, వాళ్ల సూచనలతో మార్చుకుని మళ్లీ చెప్పడం. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో 1960లలో పుట్టిన పద్ధతి ఇది. డిజైన్ థింకింగ్ ఐదు దశలను ప్రచారంలోకి తెచ్చిందీ అక్కడి డిజైన్ స్కూలే. మన దగ్గర మైక్రో టీచింగ్ చక్రం 36 నిమిషాలు: బోధన 6, సూచనలు 6, పునఃప్రణాళిక 12, పునర్బోధన 6, మళ్లీ సూచనలు 6. నమూనా చేసి, చూసి, మార్చుకోవడం ఇందులో ముందు నుంచే ఉంది. కానీ ఆ 12 నిమిషాలు మా వాళ్లకు ఎప్పుడూ చాలేవి కావు. తోటివాళ్లు చెప్పిన లోపాలు రాసుకునేసరికే సగం అయిపోయేది. ఇప్పుడు ఆ సూచనలను ఫోన్‌లో చెప్పి, ఇదే ప్రశ్నను ఇంకోలా ఎలా అడగొచ్చో చూపించమంటున్నారు. ఆ అమ్మాయికి ఆరు ప్రశ్నలు వచ్చాయి. "నావికుడు తెల్లవారుజామున ఎందుకు బయల్దేరుతాడు?" అన్నదాన్ని తీసుకుని, "నావికుడు" కొట్టేసి "మీ తాత" అని రాసింది. పునర్బోధనలో పాఠం మొత్తం మారిపోయింది. భూపవనం అన్న మాటను చివర్లో గానీ బోర్డు మీద రాయలేదు.

ఒక జాగ్రత్త. పిల్లల పేర్లు, ఇంటి సంగతులు చాట్‌బాట్‌లో టైప్ చేయనివ్వను. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్లలోపు వాళ్లందరూ పిల్లలే, వాళ్ల వివరాలకు తల్లిదండ్రుల సమ్మతి కావాలి. చట్టం లేకపోయినా, మనల్ని నమ్మి చెప్పిన మాటను అలా పంచకూడదు.

కొత్త బ్యాచ్‌కు మొదటి రెండు వారాలు ఫోన్ వద్దన్నాను. కొందరు గాజువాక వైపు, కొందరు పెందుర్తి వైపు బడులకు వెళ్తున్నారు. నోట్‌బుక్‌లో కుడి పేజీలో పిల్లలు అన్న మాటలు, ఎడమ పేజీలో తమకు తట్టిన ప్రశ్నలు రాయాలి. కుడి పేజీలు నిండాకే నా దగ్గరకు రమ్మన్నాను.